టొరంటో చేత సారీ చెప్పించిన ఓరెస్ట్ పిలిప్‌చుక్ దిగ్విజయం

సూర్యుడు ఉన్నాడో లేడో తెలియకపోయినా ఉన్నాడనే మర్యాద కొద్దీ పగలు అని పిలవబడుతున్న ఒకానొక శిశిరాంత సోమవారాన, మార్చి మాసపు రెండో ఆదివారం గడిచిన మర్నాడు, మైనస్ పందొమ్మిది డిగ్రీల దివ్యశీతల వాతావరణంలో, పెంపుడు కుక్క పారిపోతే మూడు రోజులపాటు వంటింటి కిటికీలోంచి చూస్తూ కూర్చోగలిగినంత సమతలమైన సస్కాచివాన్ మహామండలంలో, గోధుమగాదెలే గోపురాలుగా విరాజిల్లే యార్క్‌టన్ పట్టణరాజంలో, కెనడా దేశమంతా ఏటా వేసవి వెలుగు కోసం గడియారాలు గంట ముందుకు తిప్పుకుని నిద్ర చాలక ఆవులిస్తూంటే తాను మాత్రం ముల్లు ముట్టక కొండలా నిలిచిన ఆ స్థిరకాలక్షేత్రంలో, ఈ మహాసంగ్రామం జరిగింది.

ఇది విన్న కథ కాదు. ఈ కథకుడు కళ్ళారా చూసింది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఈ నాలుక గడ్డకట్టిన కారు తలుపు పిడికి అంటుకుపోవుగాక.

కథానాయకుడు ఓరెస్ట్ పిలిప్‌చుక్. వయసు అరవై ఎనిమిది. గాదెలో ముప్పై ఎనిమిదేళ్ళు గోధుమలు తూచి విశ్రాంతి తీసుకున్న తులాధరుడు, మంచుగడ్డ మీద రాయి జార్చే కర్లింగ్ క్రీడలో జిల్లా రెండో బహుమతి విజేత, త్రిస్వెట్టర్‌ధారి. ఇవన్నీ పక్కనపెట్టినా ఆయనకి రెండు మహాబిరుదులున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఏ పనికీ ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్ళనివాడు. దేశం మీద పెత్తనం చేసే టొరంటో నగరానికి ఏనాడూ క్షమాపణ చెప్పనివాడు.

మొదటి బిరుదు ఆ మధ్యాహ్నం రెండూ ముప్పైఅయిదుకి ఊడిపోయింది. రెండోదాని సంగతి తర్వాత చూద్దాం.

అసలు ఈ యుద్ధం ఎందుకో ముందు చెప్పాలి. ఓరెస్ట్ ధర్మపత్ని లేస్యా. నలభై ఏళ్ళపాటు చర్చి హాల్లో ఆవిడ పెరోగీలు చేసింది. బంగాళాదుంప ముద్ద లోపల పెట్టి, కజ్జికాయకి నొక్కినట్టు అంచులు నొక్కి ఉడకబెట్టే పెరోగీలవి. ఆవిడ నొక్కిన అంచు మరుగుతున్న నీళ్ళలో ఏనాడూ విచ్చుకోలేదు. అలాంటి చేతులు నాలుగేళ్ళుగా చలికాలం వస్తే చాలు, కణుపుల దగ్గర వాచి, ముడుచుకుని, చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా లేస్యా చర్చి హాల్లో ఓ మూల కుర్చీలో కూర్చుని, వేరేవాళ్ళు నొక్కిన అంచులు విచ్చుకుపోతుంటే చూస్తూ, నోరు మూసుకుని ఉండేది. ఈ నోరు మూసుకోవడమే ఆవిడకి చేతుల నొప్పికంటే ఎక్కువ బాధ.

పోయిన జనవరిలో ఆ దంపతులు మెక్సికోలో చపాలా సరస్సు ఒడ్డున ఒక గది అద్దెకి తీసుకుని మూడు వారాలున్నారు. ఇంటావిడ పేరు డోన్యా రెఫూహియో. ముప్పై ఏళ్ళుగా కెనడా వాళ్ళకి గదులిచ్చి ఇచ్చి వాళ్ళ భాషతో పాటు వాళ్ళ సణుగుడు కూడా నేర్చుకున్న మనిషి. తొమ్మిదోరోజు పొద్దున లేస్యా నిద్ర లేచి చేతులు చూసుకుంది. వేళ్ళు తెరుచుకున్నాయి. మూసింది. మళ్ళీ తెరిచింది. వంటింట్లోకి వెళ్ళి పిండి అడిగింది. ఆ రోజు అరవై పెరోగీలు నొక్కింది. రెఫూహియో పచ్చిమిర్చి పచ్చడి నంజుకుని పద్నాలుగు తిని, పక్కనే ఉన్న తన చిన్న ఇల్లు అమ్మకానికి ఉందని చెప్పింది. రెండు గదులు, గులాబిరంగు గోడ, పెరట్లో ఒక నిమ్మచెట్టు.

బేరం కుదిరింది. మంగళవారం సాయంత్రం నాలుగింటికి నోటరీ దగ్గర సంతకాలు. అప్పటికి డబ్బు రెఫూహియో ఖాతాలో పడాలి. పడకపోతే ఇల్లు కాల్గరీ నుంచి వచ్చిన ఒక దంతవైద్యుడికి పోతుంది. ఆయన చేతిలో రొక్కం సిద్ధంగా ఉంది. ఈతకొలను కోసం పెరడు కొలుచుకున్నాడు కూడా. కొలను లోతైన భాగం సరిగ్గా నిమ్మచెట్టు ఉన్నచోట వస్తుంది.

డబ్బు శుక్రవారమే పంపి ఉండవచ్చు. కానీ గాదెలో పనిచేసినవాడు ధర చూడకుండా సంచీ కదిలించడు. మెక్సికో డబ్బైన పెసో ధర ఇంకాస్త దిగితే మన డాలరుకి ఇంకాస్త ఎక్కువ వస్తుందని, సోమవారానికి తప్పకుండా దిగుతుందని, కర్లింగ్ క్లబ్బు కాఫీ బల్ల దగ్గర ఎవరో ఒక మేధావి మన వీరుడి చెవిలో ఊదాడు.

"పంపెయ్యవయ్యా. పోతే ఓ నలభై డాలర్లు పోతాయి," అంది లేస్యా.

"నలభై డాలర్లంటే ఊరికే వచ్చాయా? గోధుమల వాడికి తెలుసే ఎప్పుడు అమ్మాలో."

"నువ్వెప్పుడు అమ్మావు? నువ్వు తూచావు. అమ్మింది రైతులు."

సోమవారం వచ్చింది. పెసో దిగలేదు, ఎక్కి కూర్చుంది. మధ్యాహ్నం రెండు దాటాక, ఇంక లాభం లేదని, నూట పది డాలర్ల నష్టాన్ని గుండెల్లో దాచుకుని మహావీరుడు యుద్ధసన్నద్ధుడయ్యాడు. మూడు స్వెట్టర్లనే కవచత్రయం, చెవులు కప్పే టోపీ అనే శిరస్త్రాణం, ఉన్ని మీద తోలు, తోలు మీద మళ్ళీ ఉన్ని తొడిగిన హస్తత్రాణాలు, జేబులో పద్దెనిమిది అంకెల మెక్సికో ఖాతా నంబరు రాసుకున్న కాగితమనే బ్రహ్మాస్త్రం. ఇంజను గడ్డకట్టకుండా పొద్దుటినుంచి కరెంటు తీగకి కట్టేసి ఉన్న పికప్ బండి ఆయన రథం. తీగ లాగి, విల్లుకి నారి చుట్టినట్టు భుజానికి చుట్టుకుని, రథం అధిరోహించాడు. పక్కన లేస్యా ఒడిలో చేతిసంచీతో కూర్చుంది.

"మూడింటిదాకా టైముంది. టామీ చెప్పింది, మూడింటిలోపు వెళ్తే ఆ రోజే పోతుందని," అన్నాడు.

"ఎప్పుడు చెప్పింది?"

"జనవరిలో."

బండి మంచు మీద కరకరలాడుతూ మలుపు తిరిగింది.

"ఈ టీవీవాళ్ళకి ఒళ్ళు బలిసింది," అన్నాడు ఓరెస్ట్. "నిన్న హాకీ గంట ముందే మొదలెట్టేశారు. నేను పెట్టేసరికి మొదటి భాగం అయిపోయింది."

"గంట ముందా? ఎందుకని?"

"ఎందుకేమిటి, టొరంటో వాళ్ళ ఇష్టం."

లేస్యా ఏదో అనబోయింది. కానీ అప్పటికే రథం బ్యాంకు ముందు ఆగింది.

బ్యాంకు ద్వారం దగ్గర ఒక ఘోర ద్వంద్వయుద్ధం జరిగింది. లోపల్నుంచి బయటికి వస్తున్న మెల్విన్ అనే ముసలాయన తలుపు పట్టుకుని నిలబడి "మీరు రండి" అన్నాడు. "లేదు, ముందు మీరు రండి" అన్నాడు ఓరెస్ట్. "అయ్యో, మీరు చలిలో ఉన్నారు." "మీకు వయసెక్కువ." "మీతో ఆవిడ ఉన్నారు." ఇలా వినయగదలతో ఒకరి శిరస్సు మీద ఒకరు మోదుకుంటూ, ఎవరూ ఒక్క అడుగు వెయ్యకుండా, తెరిచిన తలుపులోంచి మైనస్ పందొమ్మిది లోపలికి ప్రవేశించి బ్యాంకు సిబ్బంది కాళ్ళు కొరుకుతూంటే, నాలుగు నిమిషాలు పోరాడారు. చివరికి లేస్యా ఇద్దరి మధ్యనుంచి దూరి లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడిద్దరూ ఒకేసారి కదిలి ఒకరికొకరు తగులుకున్నారు.

కౌంటరు వెనక టామీ ఫ్రీసెన్ ఉంది. ఓరెస్ట్ కర్లింగ్ జట్టులోని స్నేహితుడి కూతురు. చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి తిరిగిన పిల్ల.

"రా బాబాయ్. పిన్నీ, చేతులెలా ఉన్నాయి?"

"గ్లౌజుల్లో ఉన్నాయమ్మా," అని లేస్యా గోడ పక్కన బల్ల మీద కూర్చుంది.

ఆపై ఫారమనే పద్మవ్యూహం తెరుచుకుంది. పేరు, ఊరు, పంపేవాడు, అందుకునేది ఎవరు, వారితో బంధుత్వమేమి, కారణమేమి అంటూ ప్రశ్నాశరపరంపర మీదపడుతూంటే, ఒక్కొక్క బాణాన్ని కళ్ళజోడు పైనుంచి చూసి, కళ్ళజోడులోంచి చూసి, ఖండిస్తూ పోయాడు మహావీరుడు.

"ఈ డబ్బు నీకెక్కడిది బాబాయ్?"

"నీ ముందరే కదే ఇరవై ఏళ్ళు వేశాను."

"నాకు తెలుసు. ఫారం అడుగుతోంది."

"ఫారానికి నువ్వు చెప్పు."

పద్దెనిమిది అక్షౌహిణుల్లాంటి ఆ పద్దెనిమిది అంకెలు ఆయన చదివాడు, ఆమె కొట్టింది. ఆమె చదివింది, ఆయన సరిచూశాడు. పదకొండో అంకె దగ్గర ఇద్దరికీ తేడా వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళారు. గోడ గడియారం రెండూ ముప్పైఅయిదు చూపిస్తూండగా టామీ ఆఖరి మీట నొక్కింది. తెర వైపు చూసి కనుబొమలు ముడిచింది.

"బాబాయ్, ఇది రేపు వెళ్తుందంటోంది."

"రేపేంటి? ఇంకా పాతిక నిమిషాలుంది."

టామీ గడియారం చూసింది. తెర చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో బాబాయ్. పొద్దుటినుంచి విదేశానికి డబ్బు పంపే వైర్ కోసం నువ్వే మొదటివాడివి, నాకూ తట్టలేదు. నిన్న టొరంటో వాళ్ళు గడియారం ముందుకి తిప్పారు. వాళ్ళకి నాలుగింటికి ఆఖరు. మనకంటే గంట ముందుండేవాళ్ళు ఇప్పుడు రెండు గంటలు ముందున్నారు, అక్కడ నాలుగున్నర దాటింది."

"మనం తిప్పలేదుగా."

"మనం ఎప్పుడు తిప్పాం? వాళ్ళు తిప్పారు."

"వాళ్ళు తిప్పుకుంటే నాకేంటి?"

"మన హెడ్డాఫీసు అక్కడే, డబ్బు వాళ్ళ చేతిమీదుగా పోవాలి కదా బాబాయ్."

గోడ పక్క బల్ల మీంచి ఒకే ఒక్క మాట వినబడింది.

"హాకీ," అంది లేస్యా.

ఆ ఒక్క మాటకి మహావీరుడి మూడు స్వెట్టర్లూ ఒకేసారి తడిసిపోయాయి. ఈ రోజు బయలుదేరితే రేపు అందే డబ్బు, రేపు బయలుదేరితే ఎల్లుండి అందుతుంది. ఈలోగా మంగళవారం నాలుగు కొడుతుంది. గులాబిరంగు గోడ, నిమ్మచెట్టు, అరవై పెరోగీలు, తెరుచుకున్న వేళ్ళు, అన్నీ ఈతకొలను అడుగుకి వెళ్ళిపోతాయి.

"టొరంటోకి కలుపు," అన్నాడు.

టామీ ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. ఇరవై నిమిషాలపాటు పియానో వాద్యమనే సమ్మోహనాస్త్రం ప్రయోగించబడింది. ఎదుటివాడు నిద్రపోతే గెలుద్దామని టొరంటో వ్యూహం. ఓరెస్ట్ నిద్రపోలేదు. చిట్టచివరికి నదీన్ అనే అధికారిణి ఫోనెత్తగా, హిమవత్పర్వతం నోరు తెరిచినట్టు మహావీరుడు ఇలా గర్జించాడు.

"ఓసీ, టొరంటో పురాధికారిణీ, వినుము. కాలము నీ పితృపితామహుల సొత్తా, ఇచ్చ వచ్చినప్పుడెల్ల ముందునకును వెనుకకును త్రిప్పుటకు? ముప్పదియెనిమిది పంటలు తూచిన ఈ హస్తము గింజ కొలతలో తప్పెరుగదు, ఘడియ కొలతలో తప్పెరుగదు. మా సీమయందు సూర్యుడు మమ్ము చూచి నడచును గాని, మేము మీ గోడలను చూచి నడువము. నీవు దొంగిలించిన ఆ ఒక్క గంటను తక్షణమే మాకు మరల్చుము. లేనిచో మా గోధుమ లేక మీ రొట్టె ఎట్లు పొంగునో చూచెదముగాక."

ఆ సింహనాదానికి టొరంటో నగరంలో అద్దాల మేడలు అదిరాయి. సరోవరంలో నీరు ఎగిసింది. నదీన్ చేతిలోని కాఫీ చల్లారింది. గద్గదస్వరంతో ఆమె ఇట్లు పలికెను.

"మహావీరా, నీ ఎదుట మా నగరము నేరస్థురాలై నిలచినది. క్షమింపుము. కాని యంత్రము మూతపడినది. రేపు తెరువగానే నీ ధనమునే ముందుగా పంపెదను. మరల చెప్పుచున్నాను, క్షమింపుము."

టొరంటో క్షమాపణ చెప్పింది. సస్కాచివాన్ చరిత్రలో తాతల కాలం నుంచి ఎదురుచూస్తున్న ఆ మాట ఓరెస్ట్ పిలిప్‌చుక్ చెవిన పడింది. డబ్బు మాత్రం కదల్లేదు.

ఆయన కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. లేస్యా వైపు తిరగలేదు. ఆవిడ ఏమంటుందోనని కాదు, ఏమీ అనదేమోనని.

ఆవిడ పళ్ళతో గ్లౌజు లాగి, చేతిసంచీలోంచి ఫోను తీసి, వంగని వేలితో రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కింది.

"రెఫూహియో గారూ, నేను లేస్యాని."

"ఏమ్మా, ఎలా ఉన్నావు? చేతులు?"

"అలాగే ఉన్నాయి. డబ్బు ఈ రోజు పోలేదండీ. బుధవారం అందుతుంది. మా ఆయన ఆలస్యంగా వచ్చాడు."

"ఆయన ఆలస్యంగా వచ్చాడా? ఇక్కడ భోజనానికి పావుగంట ముందొచ్చి ప్లేటు పట్టుకుని కూర్చునేవాడు."

"టొరంటోవాళ్ళు గడియారం తిప్పారండీ. మేం తిప్పం. ఆ సంగతి మర్చిపోయాడు."

"మేమూ తిప్పడం మానేశాం కదమ్మా, కొన్నేళ్ళయింది." అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఇప్పుడు నీ ఎదురుగా గోడమీద ఎంతయింది?"

లేస్యా తలెత్తి చూసింది. "మూడుకి అయిదు తక్కువ."

"నా గోడమీదా అంతే."

లేస్యా గోడ గడియారం వైపు ఇంకోసారి చూసింది.

"మరి ఆలస్యం ఎక్కడుందమ్మా? నీకూ నాకూ మధ్య ఏం మారింది?" అంది రెఫూహియో. "బుధవారం నాలుగింటికి నోటరీ దగ్గర పెట్టుకుందాం."

"మరి ఆ డాక్టరు?"

"ఆయన వచ్చినప్పుడల్లా నా పళ్ళు చూస్తాడు. ఇంతవరకూ నా మొహం చూడలేదు. ఇల్లు ఆయనకి అమ్మితే పక్కింట్లో ఎవరు ఉడకబెడతారు? పిండి నేను తెప్పించి ఉంచుతాను. ఆ బంగాళాదుంపలు మాత్రం మీ ఆయన చేత మోయించు."

మంగళవారం టొరంటో తలుపులు తెరవగానే డబ్బు బయలుదేరింది. బుధవారం మధ్యాహ్నానికి చపాలా చేరింది. నాలుగింటికి రెఫూహియో సంతకం చేసింది. నిమ్మచెట్టు ఉన్నచోటే ఉంది. ఆ విధంగా, మంచుమండలపు తులాధరుడు, త్రిస్వెట్టర్‌ధారి, స్థిరకాలవీరుడు ఓరెస్ట్ పిలిప్‌చుక్, ఒక్క గంట ఓడిపోయినా టొరంటో మహానగరం చేత సారీ చెప్పించి, దిక్కులు పిక్కటిల్లే దిగ్విజయం సాధించాడు.

ఈ గాథను కర్లింగ్ క్లబ్బులో కాఫీ బల్ల దగ్గర మొట్టమొదటిసారి వినిపిస్తూ కథకుడు సరిగ్గా ఇక్కడిదాకా వచ్చి, మెప్పుకోలు కోసం ఆగాడు. వెనక బల్ల దగ్గర టామీ కూర్చుని ఉందని చూసుకోలేదు.

"ఏరా, ఆ రోజు బ్యాంకులో నువ్వెక్కడున్నావు?" అంది టామీ.

కథకుడు కాఫీ తాగాడు. కప్పు ఖాళీ అని తర్వాత తెలిసింది.

"టొరంటో సారీ చెప్పిందా?"

"చెప్పలేదా?"

"చెప్పింది. రికార్డు చెప్పింది. వేచి ఉంచినందుకు సారీ, మీ కాల్ మాకు ముఖ్యం అని. ఇరవై రెండుసార్లు చెప్పింది. నదీన్ ఒక్కసారి కూడా అనలేదు."

"మరి బాబాయ్ ఉపన్యాసం?"

"ఏ ఉపన్యాసం రా? ఆవిడ ఫోనెత్తగానే బాబాయ్ మొదటి మాటే సారీ. సారీ అమ్మా, మీకు శ్రమ ఇస్తున్నాను, కుదరకపోతే పర్లేదు, మీరు ఇంటికెళ్ళే టైమేమో, సారీ అన్నాడు. తొమ్మిదిసార్లు. నేను లెక్కపెట్టాను. ఆవిడ కుదరదండీ అంటే థాంక్యూ కూడా చెప్పాడు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కథకుడి వైపు చూశారు. ఇంక దాచి లాభం లేదు. రెండో బిరుదు కూడా ఊడిపోయింది. ఈ కథకుడు ఆ సోమవారం బ్యాంకు దరిదాపుల్లో లేడు. ఇంట్లో దుప్పటి కప్పుకుని హాకీ ముఖ్యాంశాలు చూస్తున్నాడు. జరిగిందంతా తర్వాత ఓరెస్ట్ బాబాయ్ చెప్పగా విన్నాడు. ఆయన మూడింతలు చేసి చెప్పాడు, కథకుడు దాన్ని మళ్ళీ పదింతలు చేశాడు. గోధుమలూ, రొట్టె పొంగడమూ అంతా ఇక్కడ కలిపిందే. రికార్డు సారీ చెప్పిన మాట మాత్రం నిజం. అది టొరంటోలోనే రికార్డు చేశారు కాబట్టి ఆ మేరకు దిగ్విజయం చెల్లుతుందని కథకుడి మనవి.

"ఇంకొకటుంది," అంది టామీ. "శుక్రవారం ఇదే బల్ల దగ్గర, పెసో సోమవారానికి దిగుతుంది ఆగు బాబాయ్ అని చెప్పిన మేధావి ఎవరు?"

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ మళ్ళీ కథకుడి వైపు తిరిగాయి. కాఫీ యంత్రం మాత్రం గురగురమంది.

కథకుడు ఇంతవరకూ పెసో మొహం ఎరగడు. ఆ రోజు ఏదో మాట్లాడాలి కాబట్టి మాట్లాడాడు. ఒక మనిషి వేళ్ళు తెరుచుకునే ఇల్లు ఆ మాట మీద ఊగిసలాడిందని వారం తర్వాత తెలిసి, అది కప్పెట్టడానికి, ఒక మామూలు మంచి మనిషిని మహావీరుణ్ణి చేసి, పాపమంతా టొరంటో నెత్తిన వేసి ఈ గాథ అల్లాడు.

కారు తలుపు పిడికి అంటుకుపోయిన నాలుకతో ఇంతకంటే వివరంగా చెప్పడం కష్టం. అందుచేత, చపాలాలో నిమ్మచెట్టు పక్కన పిండి కలుపుతూ ఎప్పుడైనా ఇది చదివితే, ముందుగా ఒక్క మాట.

సారీ పిన్నీ.